తాళాలమ్మ నల్ల టేపు

ఊరంతటికీ కరెంటు పంపే ఆఫీసులో లిఫ్టు మాత్రం ఏడాది పొడుగునా పనిచెయ్యదు. అడిగితే నవ్వుతారు, అదొక ముచ్చట. ఆ పొద్దున తాళాలమ్మ రెయిలింగు పట్టుకుని మెట్లు ఎక్కుతుంటే మొరాయించింది మోకాళ్ళు కాదు, మనసు. పైన వరండాలో, ఫొటోల గది తలుపు పక్కనున్న బెంచీ మీద బావగారు కూర్చుని ఉంటారు. ఇద్దరూ ఒకే ఇంట్లోంచి బయలుదేరారు, ఒకే బస్సెక్కారు. ఆయన ముందు సీట్లో, ఈమె వెనక సీట్లో. ఈమె దిగి రోడ్డు దాటేలోపు ఆయన గబగబా నడిచి వచ్చేశారు. తొందర ఆయనది.

అనుకున్నట్టే కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికొడుకులా ఉన్నారని ఇంకోరోజైతే ఆమె ఆటపట్టించేది.

"రా అమ్మా. ఇవాళ తెరుస్తారుగా? తెరిస్తే చాలు. నేనేం మాట్లాడక్కర్లేదు, ఫొటోనే మాట్లాడుతుంది" అన్నారు బావగారు.

"తెరుస్తాం బావగారూ" అంది ఆమె.

తాళాలమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసు పెట్టింది. సబ్‌స్టేషన్లలో తనిఖీకి తీసిన ఫొటోల తాళం ఒకటి ఆమె చేతిలో ఉంటుంది కాబట్టి. రెండో తాళం భద్రతాధికారిది. ఆయన పాతకాలపు సిపాయి, ఎప్పుడూ గేటు దగ్గరే ఉంటాడు, ఎవరినీ ఓ పట్టాన లోపలికి రానివ్వడు. ఆయన్ని వెనకాల గొళ్ళెం అంటారు. తాళం, గొళ్ళెం కలిస్తే గాని ఏ ఫొటో తెరుచుకోదు.

ఈ తాళాల గోల మొదటినుంచీ లేదు. ఒకప్పుడు తనిఖీ ఫొటోలు ఎవరి ఫోన్లో పడితే వాళ్ళ ఫోన్లో తిరిగేవి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఏ మూలనుందో, కంచె ఎక్కడ చిరిగిందో, ఏ పెట్టెకు తలుపు సరిగా పడదో, అన్నీ వాటిల్లో ఉండేవి. ఒక పెద్దమనిషి తన సబ్‌స్టేషన్ యార్డు అందం చూడండంటూ వాటిని లోకమంతా పంచిపెట్టాడు. కొన్నాళ్ళకు ఎవరో సరిగ్గా ఆ చిరిగిన కంచెలోంచే దూరి, సరిగ్గా ఆ తలుపు పడని పెట్టె దగ్గరికే వెళ్ళి, లోపలి తీగలన్నీ కోసుకుపోయారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు పైవాళ్ళు మేలుకున్నారు. కొత్త కెమెరాలు వచ్చాయి. ఎన్‌క్రిప్షన్ అన్నారు. ఫొటో తీసిన మరుక్షణమే కెమెరా దాన్ని పిండిపిండి చేసేస్తుంది. రెండు తాళాలూ పడితేనే ఆ పిండి మళ్ళీ బొమ్మ అవుతుంది. దారిలో దొంగ ఎత్తుకుపోయినా వాడికి మిగిలేది పిండే. బాగానే ఉంది, కాదనడానికి లేదు.

కాకపోతే కెమెరా వెనకున్న తెర కూడా ఆపేశారు. తీసినవాడికి తను తీసింది కనపడదు. ఎక్కడ ఏ లోపం చూసినా నోటితో చెప్పకూడదు, ఫోన్లో అసలే చెప్పకూడదు, ఫొటో తీసి పంపాలంతే. కెమెరాకు తాళం వేస్తూ వేస్తూ మనుషుల నోళ్ళకు కూడా వేశారు.

ఆ ఫొటోలు తీసేది బావగారే. తాళాలమ్మ భర్తకు అన్న. ఇరవై ఏళ్ళ పైమాటగా యార్డుల్లో తిరిగిన మనిషి. కెమెరాకు పక్కన చిన్న మీట ఉంటుంది, దగ్గరి వస్తువుకో దూరపు వస్తువుకో చూపును కుదిర్చేది. మామూలుగా వదిలేస్తే కెమెరా చూపు కంచె వల మీదే ఆగిపోతుంది, అవతలి యంత్రం మసకబారిపోతుంది. అందుకని ఆయన ప్రతి ఫొటోకూ ఆ మీట కదిపేవారు. అక్కడే వచ్చింది చిక్కు. మీట కదిపినప్పుడల్లా కొత్త కెమెరా అప్పటిదాకా తీసిన ఫొటోలన్నీ ఒక మూట కట్టేసి కొత్త మూట మొదలుపెట్టేది. ప్రతి మూట చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో, దాని మొదటి ఫొటో తెరిచి చూడటం తాళం గొళ్ళేల పని. బావగారు సాయంత్రానికి సంచీడు మూటలు తెచ్చేవారు. ఒక్కోదానికీ ఇద్దరి కార్డులు, ఇద్దరి వేలిముద్రలు. గొళ్ళెం గేటు వదిలి ఆ మెట్లన్నీ ఎక్కి రావాలి. వచ్చినప్పుడల్లా ఆయన మూలుగు, ఈమె క్షమాపణ. ఇంటికి వెళ్తే రాత్రి డ్యూటీకి బయలుదేరే బస్సు డ్రైవరు మొగుడు, జ్వరం పడ్డ పిల్ల, మళ్ళీ పొద్దున మూటలు. పనికన్నా ముందు మనిషి అరిగిపోతుందంటారే, అలా అరిగిపోయింది తాళాలమ్మ.

ఒకరోజు ఇక విసుగు పుట్టి, డెస్కు సొరుగులోంచి నల్ల టేపు తీసింది. కరెంటువాళ్ళకు సర్వరోగ నివారిణి అది. తెగిన తీగకు అదే, పగిలిన కళ్ళజోడుకు అదే, చెప్పు తెగినా అదే. రోజూ తీసే మొదటి ఫొటో గేటుకున్న బోర్డుదే ఉండాలన్నది నియమం. బోర్డుకు ఎంత దూరంలో నిలబడతారో అడిగి, మీటను అంత దూరానికి పెట్టించి, దాని మీద టేపు చుట్టేసింది.

"ఇక దీన్ని కదపకండి బావగారూ. రోజుకు ఒక్కటే మూట వస్తుంది. అందరికీ సుఖం."

"మరి దూరంగా ఉన్నవాటికి?" అని అడిగారాయన.

"అదే చూసుకుంటుందిలెండి. కొత్త కెమెరాలు కదా" అంది ఆమె.

అది చూసుకుంటుందో లేదో ఆమెకు తెలియదు. ఎవరినీ అడగనూ లేదు. అలసిపోయిన మనిషి నోటికి ఏ మాట అడ్డం వస్తే అది అనేస్తుంది. ఆయన కూడా తలూపి వెళ్ళిపోయారు. చదువుకున్న మరదలు, పైగా తాళం ఆమె చేతిలోది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిపోయింది. సాయంత్రానికి ఒకే మూట. తెరిస్తే మొదటి ఫొటోలో బోర్డు, అక్షరాలు ముత్యాల్లా. తాళాలమ్మ "సరే" అనేది, గొళ్ళెం "సరే" అనేవాడు. మిగతా ఫొటోలు చూడాల్సింది పెద్దాఫీసు నిపుణులు. వాళ్ళకు తీరిక దొరికినప్పుడు వస్తారు. వాళ్ళు రాలేదు. మూటలు వరసగా, భద్రంగా, తాళంతో పడి ఉన్నాయి. వాటిని దొంగలు చూడలేదు నిజమే, దొరలూ చూడలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఒక యార్డులో స్విచ్చును మోసే పింగాణీ స్తంభం అడుగున విరిగి కూలింది. ఊళ్ళో సగం చీకటైపోయింది. కరెంటు సాయంత్రానికి వచ్చేసింది గాని, స్తంభం కింద ఉన్న కుర్ర షిఫ్టు ఆపరేటరు కుడి భుజం నుజ్జయింది. మనిషి బతికాడు. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవదని డాక్టర్లు చెప్పారు.

బావగారు పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చి నెత్తి కొట్టుకున్నారు. "ఆ స్తంభానికి అడుగున బీట ఉంది. వెంట్రుకంత బీట. నేను నా కళ్ళతో చూశాను. ఫొటో తీశాను, ఒకటి కాదు, మూడు తీశాను. నోటితో చెప్పకూడదన్నారని చెప్పలేదు. చెప్పాల్సింది! చెప్పి ఉంటే ఏం పోయేది? ఉద్యోగమే కదా పోయేది!" అన్నారు.

విచారణ మొదలైంది. ఫొటోలో బీట కనబడితే తప్పు చూడని ఆఫీసుది. కనబడకపోతే తప్పు తియ్యనివాడిది. ఫొటో తెరిచేదాకా బావగారిని పనికి రావద్దన్నారు. తెరవడానికి పైనుంచి అనుమతి రావాలి. అనుమతి కాగితం కింద నుంచి పైకి, పైనుంచి కిందికి పాకుతూ రావడానికి చాలా రోజులు పట్టింది.

ఆ రోజులన్నీ ఇంట్లో పైవాటాకూ కిందివాటాకూ మధ్య మాటల్లేవు. బావగారి భార్య, ఈమె తోడికోడలు, "నీ ఆఫీసు, నీ తాళాలు, మా ఆయన బతుకు" అని ఒక్కసారే అని ఊరుకుంది. మాటలు మానేసింది గాని, నీళ్ళు పట్టి ఈమె బకెట్టు మెట్ల దగ్గర పెట్టడం మానలేదు. ఆ నిండు బకెట్టు చూసినప్పుడల్లా తాళాలమ్మకు ఏడుపొచ్చేది. తిట్టినా బాగుండును.

బావగారికి ఒక వింత అలవాటు పట్టుకుంది. పొద్దున్నే ఇంటి మెట్ల మీద నిలబడి, వీధి చివర గడియారాల కొట్టు బోర్డును పైకి చదివేవారు. "గడియారములు బాగుచేయబడును." కాసేపాగి, ఒక కన్ను మూసుకుని మళ్ళీ చదివేవారు. పనీపాటా లేక మతి చలించిందేమో అనుకుంది ఆమె. అడగడానికి ధైర్యం చాలలేదు.

చివరికి అనుమతి వచ్చింది. ఇవాళే తెరవడం.

గొళ్ళెం మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "కానివ్వండి మేడమ్" అన్నాడు. ఇద్దరూ కార్డులు పెట్టారు, వేళ్ళు ఆనించారు. బావగారు బయట బెంచీ మీదే ఉన్నారు. తెరిచాక పిలుస్తామన్నారు.

మొదటి ఫొటో తెరుచుకుంది. గేటు, బోర్డు. బోర్డు అంచున పాకుతున్న చీమ కూడా కనబడుతోంది. తాళాలమ్మ గుండె కాస్త కుదుటపడింది. రెండోది తెరిచింది.

పొగ. తెరంతా బూడిదరంగు పొగ. మధ్యలో ఏదో నిలువుగా, లావుగా. అది ట్రాన్స్‌ఫార్మర్ కావచ్చు, తలుపు కావచ్చు, మనిషి కావచ్చు. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. ఆమె గబగబా స్తంభం ఫొటోల దగ్గరికి వెళ్ళింది. మూడు ఫొటోలు. ఆయన చెప్పినట్టే మూడు. స్తంభం ఉంది, పాలల్లో ముంచి తీసినట్టు. బీట ఉందో లేదో దేవుడికే తెలియాలి. మరో రోజు మూట తెరిచారు, దానికి ముందురోజుదీ తెరిచారు. పైన పటారం, లోన లొటారం. టేపు వేసిన రోజు నుంచి ప్రతి మూటలోనూ బోర్డు ఒక్కటే బొమ్మ, మిగతాదంతా పొగ. ఇన్నాళ్ళూ రెండేసి తాళాలు వేసి, గేటు కాపలా పెట్టి దాచింది ఆ పొగనే.

"అదే చూసుకుంటుందిలెండి." తన గొంతే తన చెవిలో వినబడింది తాళాలమ్మకు.

గొళ్ళెం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నా కళ్ళజోడా, ఫొటోనా?" అన్నాడు.

"ఫొటోనే సార్. నేనే. మీటకు టేపు వేశాను. బోర్డు దూరానికి పెట్టి టేపు వేశాను."

కింద గేటు దగ్గర ఎవరిదో లారీ హారన్ కొడుతోంది. గొళ్ళెం కిటికీ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "మేడమ్, నేను చెప్పానని కాదు. మూట మళ్ళీ కట్టేద్దాం. తప్పుడు వేలు వరసగా ఆనిస్తే మూట శాశ్వతంగా మూసుకుపోతుందని మనకు ట్రైనింగులో చెప్పారు. మూసుకుపోయిందని రాసేద్దాం. అప్పుడు ఫొటోలో బీట ఉందని ఎవరూ అనలేరు, లేదనీ ఎవరూ అనలేరు. మీ బావగారికి అనుమానం కింద వదిలేస్తారు. మీ జోలికి ఎవరూ రారు. నేనా, ఇంకో ఏడాదిలో ఇంటికి పోతాను. ఈ మెట్లు ఎక్కలేక చస్తున్నాను. నాకు ఈ విచారణలు వద్దు."

చెడ్డమాట కాదది, అలసిపోయిన మాట. తాళాలమ్మకు అది తియ్యగానే వినబడింది. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు, వేలు తప్పుగా ఆనిస్తే చాలు. పాము చావదు, కర్ర విరగదు. ఇంటికి పోయి పడుకోవచ్చు. ఎన్ని రోజులైందో సరిగ్గా పడుకుని.

ఆమె వేలు ఎత్తింది కూడా. అంతలో తలుపు తెరుచుకుంది. బావగారికి ఓపిక చచ్చినట్టుంది, పిలవకముందే తల లోపలికి పెట్టారు.

"తెరిచారా అమ్మా? బీట కనబడిందా?"

తెర మీద స్తంభం ఫొటో అలాగే ఉంది. మూసే వ్యవధి లేదు. ఆయన నాలుగడుగులు వేసి దగ్గరికి వచ్చారు. చూశారు. కళ్ళజోడు ముక్కు మీద పైకి తోసుకుని చూశారు. వంగి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా చూశారు. కెమెరా వెనక తెర ఆపేశాక తను తీసిన ఫొటో తను చూడటం ఆయనకు అదే మొదటిసారి.

"ఇది నేను తీసిందేనా?"

"మీరు తీసిందే" అన్నాడు గొళ్ళెం.

"మిగతావి?"

తాళాలమ్మ ఒక్కొక్కటీ చూపించింది. చివర్న ఆయన పక్కనున్న కుర్చీని చేత్తో తడుముకుని కూర్చున్నారు. కోపగించుకుంటారనుకుంది ఆమె. కాని ఆయన ముఖంలో కోపం లేదు. ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న చెడ్డకబురు చివరికి వచ్చినప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"అనుకున్నానమ్మా. పోయాయి" అన్నారు బావగారు.

"ఏవి బావగారూ?"

"కళ్ళు. ఫొటోగ్రాఫరుకు అద్దం అతని ఫొటోలే కదా. సాయంత్రం తెర మీద చూసుకుంటే తెలిసేది, ఇవాళ కన్ను బాగుందా, చెయ్యి వణికిందా అని. ఆ తెర తీసేశాక నాకు అనుమానం మొదలైంది. నా కన్ను మందగిస్తే నాకు తెలిసేదెలా? అందుకే రోజూ ఆ గడియారాల కొట్టు బోర్డు చదువుకుంటున్నాను. చదవగలుగుతున్నానో, ఇన్నేళ్ళుగా కంఠతా వచ్చిందే అప్పజెబుతున్నానో తెలియట్లేదు. ఇప్పుడు తెలిసింది." ఆయన తెర మీది స్తంభాన్ని వేలితో చూపించారు. "ఆ బీట కూడా నిజంగా చూశానో, చూశాననుకున్నానో. ఆ పిల్లాడి భుజం నావల్లే పోయింది. రాసేసుకోండి సార్. తప్పు నాదే. సంతకం పెట్టి ఇంటికి పోతాను. మీ అక్కకు నేనే చెప్పుకుంటానులే అమ్మా."

గొళ్ళెం తాళాలమ్మ వైపు చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. ఇప్పుడు వేలు కూడా ఆనించక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. తప్పు తనంతట తాను ఒకరి నెత్తిన ఎక్కి కూర్చుంది. దాన్ని అడుక్కుని మరీ తన మీదికి దించుకునే ఓపిక ఆమెకు నిజంగానే లేదు. ఉద్యోగం పోతే పిల్ల ఫీజు ఎలా, మొగుడికి ఏం చెప్పాలి, అన్నీ ఒక్కసారే బుర్రలోకి వచ్చి పడ్డాయి. కాని ఆమె కళ్ళముందు ఆ మెట్లూ, ఒక కన్ను మూసుకుని బోర్డు చదువుకునే మనిషీ కదిలారు. మతి చలించిందేమో అనుకుంది గాని, భయపడుతున్నారని అనుకోలేదు తను.

ఆమె లేచి బీరువాలోంచి కెమెరా తెచ్చింది. దాని పక్కనున్న నల్ల టేపు కొన గోటితో లేపి, చర్రున పీకేసింది. టేపు కింద మీట బోర్డు దూరం దగ్గరే ఉంది, పెట్టినచోటు నుంచి వెంట్రుక వాసి కూడా కదలకుండా.

"మీ కళ్ళు కాదు బావగారూ. ఇది. నేను వేసిన టేపు. దూరంవాటికి ఎలా అని మీరు అడిగారు. అదే చూసుకుంటుందన్నాను. నాకు తెలియకుండానే అన్నాను. తప్పు నాది. అలాగే రాస్తాను."

ఆయన కెమెరా తీసుకున్నారు. బొటనవేలితో మీటను అటూ ఇటూ కదిపి చూశారు. టేపు జిగురు వేలికి అంటుకుంది.

"అయితే..." అన్నారు, మాట కూడదీసుకుంటూ, "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

తాళాలమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. పరువు గురించి అడగలేదు, పని గురించి అడగలేదు, తన మీద కేక వెయ్యలేదు. "బాగున్నాయి బావగారూ. బంగారంలా ఉన్నాయి. నన్ను కోప్పడండి. ఒక్క మాటైనా అనండి."

"కోప్పడతానమ్మా. తప్పకుండా కోప్పడతాను. నీ టేపు మూలంగా జన్మంతా గుడ్డివాణ్ణనుకునే బతికేవాణ్ణి. దానికి కోప్పడకుండా ఎలా ఉంటాను?" ఆయన చేత్తో ముఖం తుడుచుకున్నారు. "ఇవాళ మాత్రం ఓపిక లేదు."

గొళ్ళెం గట్టిగా నిట్టూర్చి, కాగితం తన వైపుకు లాక్కున్నాడు. "తిలా పాపం తలా పిడికెడు. టేపు మీరు వేశారు మేడమ్. బోర్డు ఒక్కటే చూసి సరే అన్నది మాత్రం ఇద్దరం. నన్నూ రాయండి. మూటలు చూడ్డానికి రాని ఆ నిపుణుల్నీ రాయండి."

తాళాలమ్మ రాయడం మొదలుపెట్టింది. కలం బరువుగా ఉంది, కళ్ళు మండుతున్నాయి, అయినా రాస్తోంది. బావగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఎదుటి మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉంది. దాని మీద ఏవో అక్షరాలు రాసి ఉన్నాయి. ఈ ఆఫీసులో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా అక్కడ అక్షరాలున్నాయని కూడా ఆమె ఎప్పుడూ గమనించలేదు. ఆయన మాత్రం వాటిని పైకి చదువుతున్నారు, పలక మీద అక్షరాలు దిద్దే పిల్లాడిలా ఒక్కో మాటా ఆగి ఆగి.

"నీరు... వృథా... చేయరాదు. మూత... వేసి... ఉంచవలెను."

ఆమె కలం ఆపి కిటికీ వైపు చూసింది. ఎంత కళ్ళు చికిలించినా తనకు మసక గీతలు తప్ప అక్షరాలు కనబడలేదు.